పడమటి గాలి, టేబుల్ ఫ్యాను

రోహిణి కార్తె మూడో రోజు.
కావలి ట్రంకు రోడ్డు మీద తారు
చెప్పు అడుగున జీళ్ళపాకంలా సాగుతా ఉంది.
ల్యాబు నించి ఇంటికొచ్చి నేను ముందు నీళ్ళు తాగలా,
గాజు తొట్టిలో థర్మామీటరు చూశా.
ముప్ఫై మూడు.

పదకొండు నియాన్ చేపలు
పైకొచ్చి నీటి అంచును నోటితో కొరుకుతున్నాయి.

పగలంతా జనం నా దగ్గరికి
చెరువుల్ని సీసాల్లో పట్టుకొస్తారు.
జువ్వలదిన్నె నీళ్ళు, తుమ్మలపెంట నీళ్ళు.
ఉప్పెంత, అమోనియా ఎంత, కాయితం మీద రాసిస్తా.
"నీళ్ళు కాగిపోయినాయి మేడమ్, రొయ్య మేత ముట్టడంలా"
అని పెంచలయ్య తల పట్టుకుంటే
"లోతు పెంచు, ఏరేటర్లు తిప్పు" అంటా తల ఎత్తకుండానే.
నా చెరువు లోతు జానెడున్నర.
దాని మీద సూర్యుడు నేను కొన్నదే:
పెళ్ళి వీడియోల మాలకొండయ్య సగం ధరకిచ్చిన హాలోజన్.
ఎన్ని తలంబ్రాల మీద వెలిగిందో,
ఎందరు పెళ్ళికూతుళ్ళ ముక్కు మీద చెమట పట్టించిందో.
మొక్కలు దాన్ని చూసి ఎర్రగా పచ్చగా విచ్చుకుంటాయి.
చేపలు మాత్రం ఉడుకుతాయి.

నిరుడు ఐసు వేశా.
చేపల మార్కెట్లో పది రూపాయల గడ్డ, రంపపు పొట్టుతో సహా.
అరగంటలో ఆరు డిగ్రీలు దిగింది.
రెండు చేపలు పక్కకు వాలి, అట్లాగే ఉండిపోయాయి.
చచ్చిన చేప కోసం చేసిన చల్లదనం
బతికిన చేపకు పనికిరాదని
కరివేపాకు కుండీలో మన్ను తవ్వుతా తెలుసుకున్నా.

ఈ ఏడు మూత తీసేశా.
వలతాడుతో దీపాన్ని రోజుకు బెత్తెడు పైకి లాగా.
టేబుల్ ఫ్యానును ఓరగా తిప్పి నీటి మీదికి వదిలా.
నీటి చర్మం జలదరించింది.
కుండ ఎట్లా చెమర్చి చల్లబడుతుందో అట్లానే,
రోజుకు రెండు చెంబులు గాలికి ఇచ్చుకుని
మూడు డిగ్రీలు దించుకుంది తొట్టి.

విచిత్రం ఏందంటే
పడమటి గాలి వీచిన రోజే ఫ్యాను పనిచేస్తుంది.
పెదాలు పగలగొట్టే గాలి, ముసలోళ్ళను మంచానికేసే గాలి,
దాహంతో వస్తుంది కదా, నా నీటిని తాగి చల్లగా పోతుంది.
సాయంత్రం సముద్రం వైపు నించి గాలి తిరగ్గానే
వీధి వీధంతా అరుగుల మీదికొచ్చి "అబ్బ" అంటుంది.
నేనొక్కదాన్నే లోపల థర్మామీటరు ముందు.
ఆ గాలి కడుపు నిండా తాగి వచ్చింది,
నా తొట్టిలో గుక్కెడు కూడా ముట్టదు.

అందుకే పొద్దును తిరగేశా.
పగలు తొట్టికి తడి దుప్పటి, చీకటి.
రాత్రి తొమ్మిదికి సూర్యోదయం.
నాలుగున్నరకు అస్తమయం.

"ఏమ్మా, రాత్రంతా దీపం, ఎవురికన్నా బాగలేదా?"
తెల్లారుజామున పూలబుట్టతో పోతా అడిగింది మస్తానమ్మ.
"చేపలకి పగలు" అన్నా.
నవ్వలేదు. తలూపింది.
ఆ మర్నాటి నించి కిటికీ కింద ఆగి
నా సూర్యుడి వెలుతుర్లో చిల్లర లెక్కేసుకునేది.

నిన్న మూడింటికి కరెంటు పోయింది.
ఫ్యాను ఆగింది, గాలి బుడగలు ఆగినాయి.
ఈ వేళప్పుడే చెరువుల్లో ఊపిరి అయిపోతుందని
నా చేతి రాత కాయితాలు ఎన్ని చెప్పాయో!
చెంబుతో ముంచి, ఎత్తునించి పోసి, మళ్ళీ ముంచి,
ఏరేటర్ని నేనే అయ్యా.
రెండొందల దాకా లెక్కపెట్టి మర్చిపోయా.

తలుపు తట్టిన చప్పుడు.
"ఈ పూట మీ చేపలకి పొద్దు పొడవలా?"
బుట్ట గడప పక్కన దించింది.
చీకట్లో మల్లెల వాసన, నాచు వాసన కలిసిపోయాయి.
కొంగు బిగించి చెయ్యి చాపింది.

"చెంబు ఇటీ.
ఎంత ఎత్తు నించి పొయ్యాలా?"